బరువు లేని హారం

“నేరం జరిగితే చాలు, నాకు వాసన తగులుతాది. ఈ జిల్లాలో ఇట్లాంటి ముక్కు ఇంకోటి లేదు!”

శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు, ప్రొద్దుటూరులో రామకృష్ణయ్య గారి బంగారు అంగడి మెట్లెక్కుతూ గోపీకృష్ణ చేసిన ప్రకటన ఇది. ఆ ముక్కుకు మూడు రోజులుగా జలుబు. అయినా ప్రకటన ప్రకటనే.

వాసవి తల కూడా ఎత్తలేదు. గోపీకృష్ణ ఆమెకు మేనమామ కొడుకు. బావ చేసే ఇట్లాంటి ప్రకటనలు ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటే. అతనికి బజారులో మ్యాచింగ్ సెంటరు ఉంది. ఏ చీర చూపించినా దానికి సరిపడే జాకెట్ ముక్కను అర నిమిషంలో లాగి పడేస్తాడు. ఆ విద్యలో అతను నిజంగా మేధావే. కానీ అతనికి అది చాలలేదు. విజిటింగ్ కార్డు మీద ‘గోపీకృష్ణ, ప్రైవేటు పరిశోధకుడు’ అని లావు అక్షరాలతోనూ, కింద చీమ తలంత అక్షరాలతో ‘ఫాల్స్, లైనింగులు కూడా లభించును’ అనీ వేయించుకున్నాడు. ఇంతవరకు మూడు కేసులు చేపట్టాడు. మొదటిది తప్పిపోయిన మేక, అది విచారణ జరుగుతుండగా తానే ఇంటికి వచ్చేసింది. రెండోది కల్యాణ మంటపంలో పోయిన చెప్పులు, అవి చివరికి అతని కాళ్లకే దొరికాయి. మూడోది ఇంకా విచారణలో ఉందని అతను చెప్పుకుంటాడు కానీ, అదేమిటో మాత్రం చెప్పడు.

మామూలు రోజయితే వాసవి నవ్వేదే. ఆ రోజు ఆమె చేతిలో వేలెడంత చీటీ ఒకటి ఉంది. దాన్ని చూసిన దగ్గర నుంచి ఆమెకు వేరే ధ్యాస లేదు.

వాసవి ఐదేళ్లుగా బెంగళూరు కంపెనీలో కోడు రాస్తోంది. ఆ ఉద్యోగం మానేసి, సొంత ఊళ్లో కూర్చుని, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకే ప్రోగ్రాములు రాసి బతకాలని ఆమె ఆశ. దానికి అంగడి మీదున్న గది కావాలి. అది ఇవ్వాల్సింది తాత రామకృష్ణయ్య. ఆయన ఒకటే షరతు పెట్టాడు.

“పులివెందుల సుశీలమ్మ కూతురు తేజస్వి పెండ్లి హారం శుక్రవారం నాలుగు గంటలకు ఇయ్యల్ల. దాని చీటీ నీ మిషను తప్పు లేకుండా కొడితే మీది గది నీది. కొట్టకపోతే ఆదివారం బస్సెక్కి నీ కంపెనీకి నువ్వు పో. మళ్ల ఆ గది మాట నా దగ్గర ఎత్తొద్దు.”

వాసవి సరేనంది. పని అంత కష్టమైనది కాదు. తూకం మిషను మీద హారం పెట్టి మీట నొక్కితే నగ పేరు, బరువు చీటీ మీద పడాలి. గురువారం సాయంత్రం పదిసార్లు నొక్కి చూసుకుంది, పదిసార్లూ పడింది. ఎక్కడైనా తప్పు జరిగితే కంప్యూటరు ఇంగ్లీషులో తిట్టే తిట్లు చూసి తాత బెదిరిపోతాడని, ఆ తప్పును కూడా తెలుగులోనే చీటీ కొట్టేటట్లు ఏర్పాటు చేసింది. ఆ మంచితనమే కొంప ముంచింది. శుక్రవారం పొద్దున తాత తన చేత్తో మీట నొక్కితే చీటీ మీద ఇట్లా పడింది:

‘మామిడి పిందెల హారం. దీనికి బరువు లేదు.’

బంగారు అంగట్లో అంతకంటే పెద్ద బూతు ఇంకొకటి ఉండదు.

“ఇటియ్యి,” అని గోపీకృష్ణ చీటీ లాక్కున్నాడు. ఒకసారి చదివాడు. వెనక్కి తిప్పి ఖాళీ వైపు కూడా చదివాడు. ఆ తర్వాత తూకం మిషను వైపు చూశాడు. హారం దాని మీదే ఉంది. మిషను మీద అరవై నాలుగు గ్రాముల పావు అని పచ్చగా వెలుగుతోంది.

“ఇద్దరు సాక్షులు, రెండు మాటలు!” అన్నాడు. “మిషను బరువు ఉండాదంటాంది. చీటీ లేదంటాంది. తాతా, నీకు అర్థమైతాందా? వీళ్లు మామూలు దొంగలు కాదు. హారాన్ని ఈడనే వదిలేసి, బరువు ఒకటే ఎత్తకపోయినారు! ప్రపంచంలో ఇట్లాంటి నేరం ఇదే మొదలు!”

రామకృష్ణయ్యకు డెబ్బై ఆరేళ్లు. అందులో యాభై ఏళ్లు ఈ గద్దె మీదే కూర్చున్నాడు. బంగారంలో రాగి కలిపినవాళ్లను చూశాడు కానీ, బరువును విడిగా ఎత్తుకుపోయినవాణ్ణి చూడలేదు. అయినా సరే, కంప్యూటరు కొట్టిన చీటీ కదా అని ఆయన ముఖం వాడిపోయింది.

మూలన కూర్చుని నల్లపూసలు అల్లుతున్న చాంద్‌బీ సూది ఆపింది. ఇరవై ఏళ్లుగా ఆ అంగడి అల్లిక పని ఆమెదే. “ఆ హారానికి నిన్న నేనే దారం కట్టినా శెట్టీ. గంటసేపు నా ఒళ్లోనే ఉండె. బరువు ఉండాదో లేదో నా తొడకు తెలీదా?”

“హారంతో గంటసేపు ఒంటరిగా!” అని గోపీకృష్ణ కార్డు తీసి వెనక రాసుకున్నాడు. “అనుమానితురాలు రెండు.”

“మొదటి అనుమానితుడు ఎవరప్పా?” అంది చాంద్‌బీ.

“మిషను చేసిన మనిషి.” అతని వేలు నేరుగా వాసవి ముక్కు దగ్గరికి వచ్చి ఆగింది.

“బావా, గమ్మునుండు. దొంగతనమూ లేదు, గింగతనమూ లేదు. ప్రోగ్రాములో ఏదో తప్పుండాది. రెండు నిమిషాలు కంప్యూటరు ముందర కూచోనిస్తే సరిచేస్తా.”

“నేరస్తులందరూ అదే అడుగుతారు. సాక్ష్యం చెరపడానికి రెండు నిమిషాలు!” అంటూ అతను భుజం మీది టేపు తీశాడు. జాకెట్లు కొలిచే టేపు అది. కంప్యూటరు చుట్టూ మూడు చుట్లు చుట్టి ముడి వేశాడు. అంతలో తెర అంచున ఎర్రగా ఏదో కనిపించి ఒక్క గంతేసి వెనక్కి వచ్చాడు.

“రక్తం!”

“కుంకుమ,” అంది వాసవి. “పొద్దున తాత పూజ చేసినాడు.”

“చేసినా,” అన్నాడు తాత. “శుక్రవారం గదా.”

కుంకుమ కూడా కార్డు మీదికి ఎక్కింది. ఇక తాత తీర్పు మిగిలింది. వాసవి ఆయన వైపు ఆశగా చూసింది. ఆయన కాసేపు హారాన్ని చూసి, కాసేపు చీటీని చూసి నిట్టూర్చాడు.

“బంగారు విషయమమ్మా. వాడు తేల్చేదాకా నువ్వు ముట్టొద్దులే.”

వాసవికి ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. తాను రాసిన ప్రోగ్రామును తాను ముట్టుకోకూడదట. గోడ గడియారంలో పదకొండున్నర. ఆమె రెండూ మింగేసి, బావ పద్ధతిలోనే పోదామనుకుంది.

“సరే బావా, నేను ముట్టను. కంప్యూటరును నువ్వే విచారించు. ఏం అడగల్లనో నేను చెప్తా.”

గోపీకృష్ణ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కుర్చీ లాక్కుని, టేపు సందుల్లోంచి చేతులు దూర్చి, కీబోర్డు మీద చూపుడు వేలు ఎత్తి పట్టుకున్నాడు. “ఇదేం భాష మాట్లాడుతాది?”

“పైథాన్.”

“కొండచిలువా?” వేలు వెనక్కి వచ్చింది. “ఆడపిల్లవు, ఇంట్లో ఇట్లాంటివి పెట్టుకుంటావా?”

“కరవదు, కొట్టు. ఈజ్‌ఇన్‌స్టెన్స్. బ్రాకెట్ తెరువు. హారం. కామా. టైప్. బ్రాకెట్ మూయి. ఎంటర్.”

ఆ ఒక్క వరుస కొట్టడానికి గోపీకృష్ణకు పదమూడు నిమిషాలు పట్టింది. కామా ఎక్కడుందో వెతకడానికే నాలుగు నిమిషాలు పోయాయి. మధ్యలో రెండుసార్లు తుమ్మాడు, తుమ్మిన ప్రతిసారీ తెర మీద అక్షరాలు వాటంతట అవే పడ్డాయి. చివరికి ఎంటర్ నొక్కాడు. తెర మీద ఒకే ఒక్క మాట వచ్చింది: ట్రూ.

“నిజం!” అని అతను కుర్చీ మీంచి లేచి నిలబడ్డాడు. “నిజమంటాంది! ఒప్పుకునింది తాతా! ఒక్క ప్రశ్నకే ఒప్పుకునింది!”

“ఏం ఒప్పుకునింది రా?” అన్నాడు తాత.

“అది ఇంకా చెప్పలేదు.”

వాసవికి మాత్రం జవాబు దొరికింది. “బావా, నేనడిగింది వేరే. ప్రోగ్రాములో హారం అనే పేరుతో ఉండేది నగలు కొట్టే అచ్చా, అచ్చులోంచి వచ్చిన హారమా అని అడిగినా. అచ్చే అంటాంది. అచ్చును మేము క్లాసు అంటాం, దాంట్లోంచి వచ్చే నగను ఆబ్జెక్టు అంటాం. హారం ఉండాల్సిన చోట అచ్చు కూచోనుండాది. అందుకే బరువు లేదంటాంది. అచ్చు యాడ దూరిందో చూస్తే...”

ఆమె మాట పూర్తి కాకముందే గోపీకృష్ణ కళ్లు మెరిశాయి. ఆ మెరుపు చూస్తేనే వాసవికి భయం.

“అచ్చు! ఈ హారం అచ్చు ఎవరి దగ్గరుండాది తాతా?”

“జమ్మలమడుగు వలి బాషా దగ్గర. ముప్పై ఏండ్ల నుంచి మా అచ్చులన్నీ ఆయప్ప చెక్కినవే గదా.”

“పద!” అన్నాడు. అని ఊరుకోలేదు. సాక్ష్యం కాబట్టి కీబోర్డు పీకి, జాకెట్ ముక్కల కవరులో చుట్టి, సంచిలో వేసుకుని మెట్లు దిగాడు. కీబోర్డు లేకుండా అంగట్లో కూర్చుని ఏం చేయాలి? వాసవి కూడా పరుగెత్తి స్కూటరు వెనక ఎక్కింది.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు గంటలోపు ప్రయాణం. గోపీకృష్ణకు రెండున్నర గంటలు పట్టింది, ఎందుకంటే తమను ఒక ట్రాక్టరు వెంబడిస్తోందని అతనికి అనుమానం వచ్చింది. దాన్ని ముందుకు పోనివ్వడానికి రోడ్డు పక్కన ఆగాడు. ముందుకు పోయాక, ఎక్కడికి పోతుందో చూడాలని దాని వెంట పోయాడు. ట్రాక్టరు ఒక శనగ చేలోకి దిగింది. స్కూటరూ దిగింది. ఆ చేను ఆసామి పలకరించేదాకా అతనికి అనుమానం తీరలేదు. ఇంత జరుగుతున్నా వాసవి గట్టిగా ఏమీ అనలేకపోయింది, ఎందుకంటే కీబోర్డు సంచి అతని మెడలో ఉంది.

వలి బాషా ఇంటి వసారాలో ఉక్కు దిమ్మెలు వరుసగా పేర్చి ఉన్నాయి. ముక్కు మీదికి జారిన కళ్లద్దాల్లోంచి చూస్తూ, ఆయన ఒక దిమ్మెను సన్నని ఉలితో చెక్కుతున్నాడు.

“వలి బాషా!” అన్నాడు గోపీకృష్ణ. “పరుగెత్తే ప్రయత్నం చేయొద్దు!”

“నాకు మోకాళ్ల నొప్పులప్పా,” అన్నాడాయన. “వాసవమ్మా, రా తల్లీ, కూచో. ఈయప్ప ఎవరు, ఇన్‌కంటాక్సా?”

“మా బావ. ఏమనుకోవద్దు మామా.”

గోపీకృష్ణ మామిడి పిందెల అచ్చు అడిగి తీసుకున్నాడు. అరచేయంత ఉక్కు దిమ్మె అది, నడుమ పిందె ఆకారంలో గుంత. “దీని బరువెంత? తడుముకోకుండా చెప్పు!”

“రెండు కేజీలు.”

“హారం బరువు దీంట్లో యాడుండాది?”

వలి బాషా ఉలి కింద పెట్టాడు. “అచ్చులో హారం యాడుంటాది అప్పా? ఇది ఉట్టి గుంత. దీంట్లో బంగారు రేకు పెట్టి సుత్తితో ఒక దెబ్బ కొడితే అప్పుడు పిందె పుడతాది. పిందెకు తూకం, అచ్చుకు తూకమేంది? ముప్పై ఏండ్లలో ఈ గుంతలో ఎన్ని హారాలు పుట్టినాయో నాకే తెలీదు. ఒక్కోదానిది ఒక్కో తూకం. అచ్చు మాత్రం ఇదే. దెబ్బ కొట్టకుండా అచ్చును ఎత్తకపోయి తక్కెట్లో పెట్టి, బంగారు బరువు చెప్పమంటే అదేం చెప్తాది?”

వాసవికి ఆయన్ను కౌగిలించుకోవాలనిపించింది. ఐదేళ్లు కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకు ఆమె నానా తంటాలు పడి చెప్పిన పాఠం, ఈయన ఆ దిమ్మె వైపు చూపించి చెప్పేశాడు. ప్రోగ్రాములో ఆ సుత్తి దెబ్బ అంటే పేరు పక్కన పెట్టే రెండు ఖాళీ బ్రాకెట్లు. అవి ఉంటే అచ్చులోంచి కొత్త హారం పుట్టి, తూకం మిషను నుంచి బరువు తెచ్చుకుంటుంది. లేకపోతే అచ్చు అచ్చుగానే మిగిలిపోతుంది. అంటే ఎక్కడో ఒకచోట ఆ దెబ్బ పడలేదు.

ఆ సంతోషం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. ప్రోగ్రాము తొమ్మిది వందల వరుసలు. ఆమె తప్ప దాన్ని రాసినవాళ్లు ఎవరూ లేరు. నిన్న పరీక్షించిన తర్వాత నిద్రమత్తులో ఏదైనా ముట్టుకుందా? రెండు బ్రాకెట్లు మరిచిపోయే మనిషి ఒక అంగడిని నమ్మించి ఏం బతుకుతుంది? తాత చెప్పిందే నిజమేమో, బస్సెక్కడమే మంచిదేమో అనుకుంది. అలా అనుకున్నందుకు ఆమెకు తన మీద తనకే చాలా జాలి వేసింది.

అప్పుడే ఫోను మోగింది. పెళ్లికూతురు తేజస్వి.

“అక్కా, ముద్దనూరు దాటినాం. మూడున్నరకే వచ్చేస్తాం. చీటీ రెడీగా పెట్టు. మా అత్తగారు చీటీ చూడకుండా హారం ముట్టదంట.”

తిరుగు ప్రయాణంలో ట్రాక్టర్లేవీ వెంబడించకుండా వాసవి జాగ్రత్త పడింది. ఎట్లాగంటే, స్కూటరు ఆమే నడిపింది.

అంగడికి చేరేసరికి పులివెందుల కారు బయట నిలిచి ఉంది. లోపల సుశీలమ్మ, తేజస్వి మంచినీళ్లు తాగుతున్నారు. తాత అల్మారా తెరిచి, చేత్తో చీటీలు రాసే పాత ఎర్ర పుస్తకం తీస్తున్నాడు. ఆ పుస్తకం బయటికి వచ్చిందంటే కంప్యూటరు కథ ముగిసినట్లే. వాసవి గుమ్మంలోంచే అరిచింది.

“తాతా, ఒక్క నిమిషం. నాకు తెలిసిపోయింది. రెండు గుర్తులు పెడితే చాలు...”

“ఆగు!” అని గోపీకృష్ణ ఆమెకు అడ్డంగా వచ్చాడు. “ముట్టనీయొద్దు తాతా. ఎవరు చేసినారో తేలకుండా సరిచేస్తే రేపు మళ్ల చేస్తారు.”

“అదీ నిజమే,” అన్నాడు తాత. “ఎవరు చేసినారమ్మా? నువ్వేనా?”

కాదని గట్టిగా చెప్పడానికి వాసవికే నమ్మకం చాలడం లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తేజస్వి అది చూసి గ్లాసు పక్కన పెట్టేసింది.

గోపీకృష్ణ అంగడి మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. “అందరూ కూచోండి. ఈ నాలుగు గోడల మధ్య ఉన్నవాళ్లలో ఒకరు నేరస్తులు!”

“మేము ఇప్పుడే గదప్పా వచ్చింది!” అంది సుశీలమ్మ.

“అందుకే మీ మీద అనుమానం తక్కువ. జరిగింది చెప్తా, వినండి. కండ్లకు కట్టినట్లు చూపిస్తా.” అతను వెనక్కి తిరిగి, అరలోంచి ఎర్ర వెల్వెట్ పెట్టె ఒకటి తీశాడు. “ఇది హారం పెట్టె. చూసినోళ్లు లోపల హారం ఉండాదనుకుంటారు. తెరిస్తే ఏముండాది?” పెట్టె తెరిచి బోర్లించి దులిపాడు. లోపల్నుంచి ఒక పసుపు కొమ్ము రాలి, బెంచీ కిందికి దొర్లుకుంటూ పోయింది. అతను దాన్ని లెక్క చేయలేదు. తెరిచిన పెట్టెను తీసుకుపోయి తేజస్వి చేతిలో పెట్టాడు. “ఖాళీ! చూసినారా? ఏమీ లేదు. ఉట్టి ఖాళీ!”

“రేయ్!”

యాభై ఏళ్లలో రామకృష్ణయ్య అంత గట్టిగా అరవడం ఎవరూ వినలేదు. చాంద్‌బీ ఒళ్లోని నల్లపూసలు చెదిరిపోయాయి.

“శుక్రవారం పూట, పెండ్లికూతురి చేతిలో ఖాళీ పెట్టె పెడతావా? బుద్ధుండాదా నీకు?” ఆయన గద్దె దిగి వచ్చి పెట్టె లాక్కుని, గబగబా ఇంకో కొమ్ము వెతికి దాంట్లో వేసి, మూసి తేజస్వికి ఇచ్చాడు. “ఏమనుకోవద్దు తల్లీ. మా అంగట్లో శుక్రవారం ఏదీ ఖాళీగా ఉండకూడదు. మా నాయన కాలం నుంచి అంతే. పొద్దున లేచినకాడి నుంచి చూసుకుంటానే ఉండా. ప్రతి పెట్టెలో పసుపు కొమ్ము వేసినా. బిందె నింపినా. ఆఖరికి పూజ చేస్తాంటే, వాసవి తెరిచిపెట్టిన ఆ కంప్యూటర్లో కూడా, హారం అని రాసి పక్కన రెండు గీతలు నోరు తెరుచుకోని ఖాళీగా కనపడితే, అవి కూడా తీసేసినా. ఇంత చేస్తే ఈ పనికిమాలినోడు వచ్చి...”

“తాతా,” అంది వాసవి.

“ఏందమ్మా?”

“ఏం తీసేసినావు?”

“రెండు గీతలు. ఇట్ల ఒకటి, అట్ల ఒకటి.” ఆయన రెండు చేతులూ దొప్పలాగా ఎదురెదురుగా పట్టుకుని చూపించాడు. “లోపల ఏమీ లేదు. కొమ్ము వేద్దామంటే యాడ వేసేది? తెర మీద నిలబడదు గదా. అందుకని చెరిపే మీట నొక్కినా. పేర్లు తప్పు పడితే ఆ మీట నొక్కమని నువ్వే నేర్పించినావు.”

వాసవి ఉన్న చోటే నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ చున్నీతో కళ్లు తుడుచుకుంది. తాను మరిచిపోలేదు. తన చేయి తప్పలేదు. ఆ రెండు ముక్కలు తెలిసేసరికి ఆమె ఒళ్లంతా దూదిలా తేలికైపోయింది.

గోపీకృష్ణకు విషయం అర్థం కావడానికి ఇంకాసేపు పట్టింది. అర్థం కాగానే చెయ్యి పైకెత్తాడు. “నేరస్తుడు దొరికినాడు! మొదటి నుంచీ నా అనుమానం ఈయన మీదే!”

“మొదటి నుంచీ మా మీద గదప్పా,” అంది చాంద్‌బీ పూసలు ఏరుకుంటూ.

“అది మిమ్మల్ని ఏమార్చడానికి.”

వాసవి తాత పక్కన కూర్చుని, వలి బాషా మాటల్లోనే చెప్పింది. ఆ రెండు గీతలు ఖాళీ పెట్టె కాదనీ, అవి సుత్తి దెబ్బ అనీ, ఆ దెబ్బ పడితేనే అచ్చులోంచి హారం పుడుతుందనీ. తాత శ్రద్ధగా విన్నాడు. దెబ్బ సంగతి ఆయనకు వెంటనే ఎక్కింది. ముఖం చిన్నబోయింది కూడా.

“అయితే తప్పు నాదేనన్నమాట. సరే, మళ్ల పెట్టు.” అని ఒక క్షణం ఆగాడు. “కానీ ఈ పొద్దు ఖాళీగా పెట్టొద్దు. రేపు పెట్టు.”

“తాతా! వాళ్లు ఇప్పుడు పోవల్ల!”

“పోవల్ల. నిజమే. కానీ పెండ్లికూతురి హారం పక్కన శుక్రవారం ఖాళీ నోరు తెరిచి పెట్టేదానికి నేను ఒప్పుకోను.”

సుశీలమ్మ కూడా తల ఊపింది. “పెద్దాయన చెప్పేది రైటే పాపా. పెండ్లి విషయం గదా.”

గడియారంలో నాలుగుకు పది నిమిషాలు. వాసవి జుట్టు పీక్కోబోయి, ఆగింది. తేజస్విని చూసింది. “దాంట్లో ఏదన్నా వేస్తే సరేనా?”

“కొమ్ము వేస్తావా?”

“పెండ్లికూతురి పేరు వేస్తా.”

తాత కళ్లు విప్పారాయి. వాసవి టేపు ముడి విప్పి, కవరులోంచి కీబోర్డు తీసి తగిలించింది. ప్రోగ్రాములో అచ్చు ఉన్న చోటికి పోయి, ఇకపై దెబ్బ కొట్టేటప్పుడు ఒక పేరు కూడా తీసుకోవాలని దానికి చెప్పింది. రెండు వరుసల పని. తర్వాత తాత చెరిపిన చోట బ్రాకెట్ తెరిచి, తేజస్వి అని రాసి, బ్రాకెట్ మూసింది. ఎందుకైనా మంచిదని పొద్దుటి ప్రశ్నే మళ్లీ వేసింది, ఇది అచ్చేనా అని.

తెర మీద ఫాల్స్ అని వచ్చింది.

“అబద్ధమా!” అని గోపీకృష్ణ ఎగిరిపడ్డాడు. “చూసినారా, మాట మార్చింది!”

“అచ్చు కాదంట బావా. హారమంట.”

ఈసారి మీట తేజస్వి చేత నొక్కించారు. చిన్న మిషను కిర్రుమంటూ చీటీని బయటికి తోసింది. సుశీలమ్మ కళ్లద్దాలు పెట్టుకుని అందరికీ వినబడేటట్లు చదివింది. “తేజస్వి మామిడి పిందెల హారం. బరువు అరవై నాలుగు గ్రాముల పావు.” చదివి, చీటీని కూతురికి చూపించి, “పేరు కూడా వేసినారే!” అని మురిసిపోయింది. తేజస్వి హారాన్ని కళ్లకద్దుకుంది. కారు పులివెందుల దారి పట్టింది.

గోపీకృష్ణ కార్డు మీద నాలుగో కేసు కూడా ఛేదించినట్లు రాసుకుని, జలుబుకు ఆవిరి పట్టుకోవాలంటూ వెళ్లిపోయాడు. పోతూ పోతూ టేపు తీసుకుపోవడం మరిచిపోయాడు.

తాత ఎర్ర పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నాడు. గది సంగతి అడగాలంటే వాసవికి భయం వేసింది. ఆయన పుస్తకాన్ని అల్మారాలో పెట్టి తలుపు మూశాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్లు తల పైకెత్తి మీది గది వైపు చూశాడు. ఆయన ముఖంలో నిజమైన కంగారు కనిపించింది.

“అమ్మా, మీది గది ఆరు నెలల నుంచి ఖాళీగా పడుండాది గదా! శుక్రవారం పూట నేను ఇదెట్ల మరిచిపోయినా?” అంటూ మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఆమె చేతిలో పెట్టాడు. “పో, పోయి కూచో. పొద్దు గూకకముందే.”

“ఆదివారం బస్సు తాతా?”

“ఏ బస్సు?” అన్నాడాయన.

వాసవి రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరుగెత్తింది.